ట్రైలరు లాగడానికి పాత పెద్ద బండిని ఎంచుకోవడం ఎలా: గోదావరి డెల్టా వారికి

చెరువు గట్టుకు జనరేటరు చేర్చాలన్నా, కడియం నర్సరీల నుంచి మొక్కలు తెచ్చుకోవాలన్నా, రేవులో నాటుపడవ దింపాలన్నా ప్రతిసారీ ట్రాక్టరును పిలిపించుకోవడం కుదరని కుటుంబాలు మన ప్రాంతంలో చాలా ఉన్నాయి. ఇంటిల్లిపాదీ ఎక్కి పెళ్లికి వెళ్లగలిగే బండే, అవసరమైనప్పుడు వెనక ఒక చిన్న ట్రైలరును కూడా లాగి, డీజిలు మరీ ఎక్కువ తాగకుండా ఉంటే బాగుంటుందని వారు ఆలోచించడం సహజం. కొత్తది కొనే స్తోమత అందరికీ ఉండదు కాబట్టి ఈ వెతుకులాట పాత బండ్ల వైపే సాగుతుంది. అలా వెతికేవారు ముందుగా మైలేజీ గురించి అడుగుతారు. నా అభిప్రాయంలో మైలేజీ చివర చూడవలసిన అంశం. లాగవలసిన బరువు, చాసిస్ (బండి కింది ఇనుప చట్రం) ఆరోగ్యం, ఇంజను చల్లబడే తీరు ఈ వరుసలో చూసుకుంటూ వస్తే, మిగిలిన రెండు మూడు బండ్ల మధ్య మైలేజీ తేడా పెద్దగా ఉండదు.

ముందు బరువు తూయించండి

బండి చూడటానికి బయలుదేరే ముందే లాగవలసిన బరువు ఎంతో తేల్చుకోవాలి. కంటితో చూసి చెప్పే అంచనా దాదాపు ఎప్పుడూ తక్కువగానే ఉంటుంది. నీరు లీటరుకు కిలో తూగుతుంది కనుక, చేప పిల్లను తెచ్చుకునే వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే, ఇనుప చట్రం, ఇరుసు, చక్రాలు కాక నీరే ఒక టన్ను అవుతుంది. చెరువుల దగ్గర వాడే మధ్యరకం జనరేటరు కూడా సులభంగా టన్ను దాటుతుంది. భీమవరం, ఆకివీడు, పాలకొల్లు, రావులపాలెం, ఎటు వెళ్లినా రైసు మిల్లుల పరిసరాల్లో కాటా కనిపిస్తుంది. సామాను ఎక్కించిన ట్రైలరును ఒకసారి అక్కడ తూయించి చీటీ దగ్గర ఉంచుకుంటే, ఆ తరువాతి నిర్ణయాలన్నీ ఆ అంకె మీద ఆధారపడి తీసుకోవచ్చు.

ఎంత బరువు వరకు లాగవచ్చు అనే ప్రశ్నకు బండితో వచ్చిన మాన్యువల్ మొదటి ఆధారం. ట్రైలరు లాగరాదని అందులో రాసి ఉంటే ఆ బండిని అక్కడితో వదిలేయాలి. అందులో ఏమీ చెప్పకపోతే, ఐరోపా దేశాల్లో బ్రేకులు లేని ట్రైలర్లకు పాటించే హద్దును మనమూ పాటించడం క్షేమం: బండి ఖాళీ బరువులో సగం, లేదా 750 కిలోలు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది. మనం మాట్లాడుకునే బండ్ల ఖాళీ బరువు సుమారు 1,600 నుంచి 2,000 కిలోల మధ్య ఉంటుంది కాబట్టి, ట్రైలరుకు సొంత బ్రేకులు లేనంతవరకు మీ హద్దు 750 కిలోలే అనుకోండి. ఇంజను అంతకంటే ఎక్కువ లాగగలదు, అందులో సందేహం లేదు. అయితే ఆపవలసి వచ్చినప్పుడు ఆ బరువంతా బండి బ్రేకుల మీదే పడుతుంది. ట్రాక్టరు వెనక తగిలించే ట్రక్కును ఖాళీగా ఉన్నా సరే జీపుకో కారుకో తగిలించవద్దు.

మీ అంకె ఈ హద్దు దాటినా, ట్రైలరు అవసరం నెలకు ఒకటి రెండుసార్లే అయినా, బండి కొనుగోలును ట్రైలరుతో ముడిపెట్టకండి. ఆ రెండుసార్లు మినీ వ్యానును కిరాయికి తెచ్చుకుని, ఇంటికి మాత్రం తేలికైన కారు కొనుక్కోవడమే లాభం.

ఒకే పేరు, వేరు నిర్మాణం

లాగడానికి పనికివచ్చే బండికి రెండు లక్షణాలు ఉండాలి: శరీరం కింద విడిగా నిచ్చెన ఆకారపు ఇనుప చాసిస్ ఉండాలి, ఇంజను శక్తి వెనక చక్రాలకు అందాలి. హుక్కు మీద పడే బరువు వెనక చక్రాలను నేలకు అదుముతుంది కాబట్టి, తడిసిన రేవు వాలులో కూడా వాటికి పట్టు దొరుకుతుంది. ముందు చక్రాలతో నడిచే బండిలో దీనికి విరుద్ధంగా జరుగుతుంది. వెనక బరువు పడేకొద్దీ ముందు భాగం తేలికై చక్రాలు జారుతాయి.

పేరు చూసి మోసపోయే అవకాశం ఇక్కడే ఉంది. 2005లో వచ్చిన ఇన్నోవాకూ, 2016లో వచ్చిన ఇన్నోవా క్రిస్టాకూ విడి చాసిస్, వెనక చక్రాల నడక ఉన్నాయి. 2022లో వచ్చిన ఇన్నోవా హైక్రాస్‌కు ఆ రెండూ లేవు. టాటా సఫారీ విషయంలోనూ ఇంతే. 1998 నుంచి 2019 వరకు వచ్చిన పాత సఫారీ, స్టార్మ్ విడి చాసిస్ మీద కట్టిన బండ్లు, 2021 తరువాతి సఫారీ ముందు చక్రాలతో నడిచే మరో నిర్మాణం. ఎక్స్‌యూవీ 500 చూడటానికి ఎంత బలంగా కనిపించినా విడి చాసిస్ ఉన్న బండి కాదు. కాబట్టి మీ జాబితాలో క్వాలిస్, పాత ఇన్నోవా, క్రిస్టా, టవేరా, సుమో, పాత సఫారీ, బొలేరో, స్కార్పియో వంటివి మిగులుతాయి.

క్వాలిస్ 2.4 లీటర్ల ఇంజను 75 గుర్రాల శక్తి మాత్రమే ఇస్తుంది. దానికి టర్బో లేదు, కంప్యూటరు లేదు. మామూలు షెడ్డులో మేస్త్రి విప్పి బిగించగలడు. చివరి క్వాలిస్‌కు కూడా ఇప్పటికి 20 ఏళ్లు నిండాయి కనుక, ఎంత పేరున్నా అది మోజున్నవారి బండి. 102 గుర్రాల పాత ఇన్నోవాలో కామన్ రైల్ ఇంజెక్టర్లు (ఎక్కువ ఒత్తిడితో ఇంజనులోకి డీజిలు చిమ్మేవి) ఉంటాయి. అవి మురికి డీజిలును సహించవు, మార్చవలసి వస్తే ఖర్చు చుక్కలు చూపిస్తుంది. ఈ రెండు ఇంజన్లకూ టైమింగ్ బెల్టు ఉంటుంది. లక్ష కిలోమీటర్లకు దాన్ని మార్చిన రసీదు చూపించలేకపోతే, మార్చలేదనే భావించి ఆ ఖర్చును ధరలో తగ్గించమని అడగాలి. టవేరా కమాను కట్టలు ట్రైలరుకు అనువైనవే కాని, దాన్ని అమ్మిన షెవర్లే మన దేశంలో అమ్మకాలు 2017 చివర ఆపేసింది కాబట్టి విడిభాగాల లభ్యతను ముందుగా మీ మేస్త్రితో మాట్లాడుకోవాలి.

మైలేజీ, లాగుడు రెండూ కలిపి చూస్తే నా ఓటు బొలేరోకు, పాత సఫారీ 2.2కు వేరు వేరు కారణాలతో పడుతుంది. 2.5 లీటర్ల బొలేరోకు 63 గుర్రాలే ఉన్నా, తక్కువ చుట్లలోనే బలం అందుతుంది. గంటకు 50, 60 కిలోమీటర్ల వేగంతో కాలువ గట్టు రోడ్ల మీద తిరిగేవారికి అదే చాలు, పల్లెలో కూడా విడిభాగం దొరుకుతుంది. సఫారీ 2.2 ఇంజను 140 గుర్రాలు, 320 న్యూటన్ మీటర్ల టార్కు (చక్రాలను తిప్పే బలం) ఇస్తుంది. జాతీయ రహదారి మీద ట్రైలరుతో తరచూ విశాఖపట్నమో విజయవాడో వెళ్లేవారికి అది తగును. ఊళ్లో తిరిగేవారికి దాని బరువు మైలేజీని తినేస్తుంది. ఇన్నోవా ఈ రెంటికీ నడుమ నిలుస్తుంది. అయితే మన జిల్లాల్లో ఆ పేరుకున్న గౌరవం వల్ల చెల్లించే అదనపు ధరలో ఎన్నో ఏళ్ల డీజిలు వస్తుందని నాకు అనిపిస్తుంది.

మైలేజీకి ఎంత ధర కట్టాలి?

పాతబడిన ఈ తరగతి డీజిలు బండ్లు లీటరుకు 10 నుంచి 14 కిలోమీటర్లు ఇస్తే సంతోషించాలి. ట్రైలరు తగిలించిన రోజున అందులో మూడు నాలుగు కిలోమీటర్లు తగ్గుతాయని ముందే లెక్క వేసుకోండి. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే ఇంట్లో లీటరుకు 10 ఇచ్చే బండి 100 లీటర్లు తాగితే, 13 ఇచ్చే బండి 77 లీటర్లు తాగుతుంది. తేడా 23 లీటర్లు. లీటరు వంద రూపాయలు అనుకుంటే ఏడాదికి 27 వేల పైచిలుకు. ఒకసారి ఇంజెక్టర్లు మార్చితే, లేదా తుప్పు పట్టిన చాసిస్‌కు వెల్డింగు చేయిస్తే ఏడాది మిగులు అక్కడే పోతుంది. అందుకే మూడు కిలోమీటర్ల మైలేజీ కోసం అనుమానం ఉన్న బండిని కొనకండి.

అమ్మేవారు చెప్పే మైలేజీని లెక్కలోకి తీసుకోనవసరం లేదు. “ఆయ్, పదిహేనుకు తగ్గదండి” అనే మాటను మర్యాదగా విని, డీజిలు మీరే పోయిస్తానని ఒప్పించి కొలుచుకోవడం మంచిది. రావులపాలెంలో నాజిలు దానంతట అది ఆగేవరకు నింపి, తాడేపల్లిగూడెం వరకు వెళ్లి తిరిగి వచ్చి, అదే బంకులో అదే విధంగా నింపితే సుమారు వంద కిలోమీటర్ల లెక్క వస్తుంది. దూరాన్ని బండి మీటరుతోపాటు ఫోనులోని మ్యాపుతో కూడా చూసుకోవాలి, ఎందుకంటే కంపెనీ ఇచ్చిన కొలత కాని టైర్లు వేసి ఉంటే మీటరు తప్పు చూపిస్తుంది.

తుప్పు

డెల్టాలో తిరిగిన బండికి అసలు పరీక్ష ఇక్కడ ఉంది. అంతర్వేది, ఓడలరేవు, కాకినాడ తీరాల ఉప్పుగాలి ఒక కారణమైతే, రొయ్యల పట్టుబడి మరొక కారణం. పట్టుబడి రోజున వెనక సీట్లు మడిచి, ఐసు వేసిన ట్రేలు పేర్చి తీసుకువెళ్లిన బండ్లు తీరప్రాంతంలో చాలా ఉన్నాయి. కరిగిన ఐసు నీరు రొయ్యల ఉప్పుతో కలిసి నేల అతుకుల్లోకి దిగి లోపలి నుంచి ఇనుమును తింటుంది. పైకి రంగు చెక్కుచెదరకుండా ఉంటుంది. వెనక తలుపు తెరిచి, కార్పెట్టు ఎత్తి, స్పేరు చక్రం దించి, ఆ గుంతలో వేళ్లతో తడిమి చూడండి. పొరలు పొరలుగా ఊడివచ్చే ఎర్రటి పెచ్చులు, ఎంత కడిగినా పోని నీచు వాసన ఉంటే ధర ఎంత తక్కువైనా వెనుదిరగాలి.

తరువాత బండిని సర్వీసు స్టేషనులో ర్యాంపు మీదకు ఎక్కించమని అడగండి. ఇందుకు ఒప్పుకోనివారితో బేరం కొనసాగించవలసిన పని లేదు. కిందికి వెళ్లేటప్పుడు చిన్న సుత్తి, టార్చిలైటు వెంట ఉండాలి. చాసిస్ కమ్మీని ముందు నుంచి వెనక వరకు జానెడు జానెడు దూరంలో మెల్లగా కొట్టుకుంటూ పోతే, మంచి ఇనుము ఖంగుమంటుంది, లోపల తినేసిన చోట మొద్దు చప్పుడు వస్తుంది. మూడు చోట్ల ప్రత్యేకంగా ఆగాలి: వెనక ఇరుసు మీదుగా కమ్మీ వంపు తిరిగే చోటు, కమాను కట్టలను గానీ లింకు కడ్డీలను గానీ బిగించిన బ్రాకెట్ల చుట్టుపక్కల, చివర హుక్కు బిగించే అడ్డకమ్మీ. ట్రైలరు గుంజుడంతా ఈ మూడింటి మీదే పడుతుంది. ఆ అడ్డకమ్మీకి కొత్తగా వెల్డింగు చేసిన ప్లేటు కనిపిస్తే, అంతకు ముందు ఏం జరిగిందో యజమాని వివరించగలగాలి. మిగతా బండి అంతా దుమ్ము కొట్టుకుని ఉండి కింద మాత్రం నల్లరంగు నిగనిగలాడుతూ ఉంటే, ఆ రంగు గత వారంలో వేసినదని అర్థం. దాని కింద ఏముందో సుత్తే చెప్పాలి. బ్రేకు పైపులు కూడా ఇదే సమయంలో చూడాలి, అవి సన్నని ఇనుప గొట్టాలు కాబట్టి చాసిస్ కంటే ముందే తుప్పు పట్టి పోతాయి.

ఈ బాధ తగ్గించుకోవడానికి ఒక దగ్గరి దారి ఉంది. సముద్రానికి దూరంగా తిరిగిన బండిని వెతకండి. 2019కి ముందు రిజిస్టరైన బండి అయితే నంబరే కొంత చెబుతుంది: ఏపీ 05 తూర్పు గోదావరి, ఏపీ 37 పశ్చిమ గోదావరి, ఏపీ 02 అనంతపురం, ఏపీ 21 కర్నూలు. రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చిన తరువాత నంబరు చూసి ఊరు చెప్పలేము కనుక ఆర్సీలోని చిరునామా చదవాలి. ఒకే వయసు, ఒకే ధర ఉన్న రెండు బండ్లలో ఒకటి నరసాపురానిది, మరొకటి అనంతపురానిది అయితే, కిలోమీటర్లు కాస్త ఎక్కువ తిరిగినా రెండవదాన్నే చూడటానికి వెళ్లమని చెబుతాను. ఢిల్లీలో డీజిలు బండికి పదేళ్ల హద్దు పెట్టినందువల్ల అక్కడి నుంచి చవకగా వచ్చే బండ్లకు ఉప్పు బాధ ఉండదు. కాని వాటికి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి, లైఫ్ ట్యాక్సు ఇక్కడ మళ్లీ కట్టాలి, మీటరు వెనక్కి తిప్పారేమోనన్న అనుమానం ఎటూ ఉంటుంది. ఇవన్నీ కలుపుకుంటే చవకదనంలో ఎంత మిగులుతుందో కాగితం మీద వేసి చూసుకోవాలి.

నీట మునిగిన బండి

2022 జూలైలో గోదావరి లంకలను ముంచింది, 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ కాలనీలను ముంచింది. మునిగిన బండిని కడిగి, సీటు గుడ్డలు మార్చి అమ్మడం కష్టమైన పనేమీ కాదు. ముందు సీటు బెల్టును పూర్తిగా చివరి వరకు బయటికి లాగండి. లోపల చుట్టి ఉన్న చివరి జానెడులో బురద గీత ఉండిపోతుంది. సీట్లు జరిగే పట్టాల మూలల్లో, డ్యాష్‌బోర్డు కింద తీగల జాయింట్లలో ఆరిన ఒండ్రు దొరికినా అదే కథ. క్వాలిస్ వంటి పాత ఇంజను మునిగినా మళ్లీ లేస్తుంది; కంప్యూటరు, సెన్సార్లు ఉన్న బండి మునిగితే ఆ జబ్బు ఏళ్ల తరబడి వాయిదాల్లో బయటపడుతుంది.

నడిపి చూడటం

ఉదయం బండి చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. మీరు వెళ్లేసరికే ఇంజను వేడిగా ఉంటే సాయంత్రం వరకు ఆగి మళ్లీ వస్తామని చెప్పవచ్చు. మొదటి స్టార్టులోనే అందుకోవాలి. ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీసి, దాన్ని తిరగేసి రంధ్రం మీద పెట్టాలి. మూత ఎగిరెగిరి పడుతూ పొగ కొడుతుంటే, దాన్నే షెడ్డు భాషలో బ్యాక్ కంప్రెషన్ అంటారు, ఇంజను బోరు పనికి (అరిగిన సిలిండర్లను విప్పి బాగుచేయడానికి) దగ్గరపడిందని అర్థం. అటువంటి ఇంజను ఖాళీగా బాగానే నడిచినట్టు కనిపించి, ట్రైలరు తగిలించిన రోజున ఆయిలు తాగడం మొదలుపెడుతుంది.

మన నేల చదును కాబట్టి రోడ్డు మీద బండి బలహీనత బయటపడదు. ఎత్తు దొరికేది ఏటిగట్ల దగ్గర మాత్రమే. గట్టు ఎక్కే దారిలో సగంలో ఆపి, హ్యాండు బ్రేకు వేసి, మొదటి గేరులో మెల్లగా కదిలించండి; తరువాత అదే వాలును రివర్సు గేరులో ఎక్కించండి. ఇంజను చప్పుడు పెరిగి బండి కదలకపోయినా, మాడిన వాసన వచ్చినా క్లచ్ ప్లేటు మార్చవలసిందే. అటు తరువాత ఏసీ వేసి, నలుగురిని ఎక్కించుకుని, మే నెల మధ్యాహ్నం అయితే మరీ మంచిది, అరగంట పాటు నడిపి, ఇంజను ఆపకుండా పది నిమిషాలు నిలబెట్టాలి. వేడి ముల్లు సగం దాటి కదలకూడదు. ట్రైలరు లాగే బండికి రేడియేటరు ఆరోగ్యం ఇంజను శక్తి కంటే ముఖ్యం. బోరు నీరు పోసి పోసి గొట్టాల్లో సున్నం కట్టిన రేడియేటరు ఖాళీ బండిని చల్లబరచగలుగుతుంది కాని, వెనక అరటన్ను ఉన్న బండిని చల్లబరచలేదు.

దిగిన తరువాత వెనక నుంచి చూస్తే బండి ఒక పక్కకు గానీ, వెనక్కి గానీ వాలి ఉండకూడదు. టైరు పక్కన ఉండే నాలుగంకెల గుర్తులో మొదటి రెండు వారాన్ని, తరువాతి రెండు ఏడాదిని చెబుతాయి. 3219 అంటే 2019లో 32వ వారం. గీతలు ఎంత బాగున్నా ఆరేళ్లు దాటిన టైర్లతో ట్రైలరు లాగవద్దు.

కాగితాలు

సొంత బండికి రిజిస్ట్రేషను 15 ఏళ్లు చెల్లుతుంది, తరువాత ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఈ రుసుము 15 ఏళ్లు దాటిన కార్లకు 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు, 20 ఏళ్లు దాటినవాటికి 2025 నుంచి 10,000 రూపాయలు. ఫైనాన్సు ఉన్న బండికి అప్పు తీరినట్టు చెప్పే ఫారం 35, బదిలీకి ఫారం 29, 30 సంతకాలతో సహా చేతికి వచ్చాకే పూర్తి సొమ్ము చెల్లించండి. ట్రైలరును చట్టం వేరే వాహనంగానే చూస్తుంది. దానికీ రిజిస్ట్రేషను కావాలి. హుక్కు బిగించబోతున్నట్టు ఆర్టీవో కార్యాలయంలోనూ, బీమా కంపెనీలోనూ ముందే అడిగి, బీమా వారి సమాధానం రాతపూర్వకంగా తీసుకోవాలి. తెల్ల ప్లేటు బండితో ఇతరుల సామాను కిరాయికి లాగితే చిక్కుల్లో పడతారు.

హుక్కు, మొదటి ప్రయాణం

హుక్కును బంపరుకు గానీ, ఒక్క ప్లేటుకు గానీ బిగించరాదు. చాసిస్ రెండు కమ్మీలకూ అడ్డంగా కలిపి, గట్టి బోల్టులతో బిగించాలి. వెల్డింగు మాత్రమే నమ్ముకోకూడదు. హుక్కు ఊడినా ట్రైలరు రోడ్డు మీద విడిపోకుండా రెండు గొలుసులను ఒకదాన్నొకటి అడ్డంగా దాటేలా తగిలించాలి. ట్రైలరు వెనక లైట్లు, ఇండికేటర్లు బండి లైట్లతోపాటే వెలగాలి.

సామాను సర్దేటప్పుడు, ట్రైలరు మొత్తం బరువులో పదో వంతు హుక్కు మీద పడేలా చూడండి. 600 కిలోల ట్రైలరుకు అది 60 కిలోలు, అంటే ట్రైలరు ముక్కును ఇంట్లో ఉండే తూనిక యంత్రం మీద చెక్క దిమ్మ ఆనించి తూచుకోవచ్చు. బరువు వెనక్కి పోతే వేగం అందుకోగానే ట్రైలరు పాములా ఊగడం మొదలవుతుంది. చించినాడ, యానాం–ఎదుర్లంక వంతెనల మీద సముద్రం వైపు నుంచి వీచే అడ్డగాలి ఆ ఊపును పెంచుతుంది. అలా ఊగినప్పుడు బ్రేకు మీద గట్టిగా తొక్కకుండా, స్టీరింగు నిలకడగా పట్టుకుని, యాక్సిలరేటరు వదిలి వేగం తగ్గనివ్వాలి. నీటి ట్యాంకును సగం నింపి బయలుదేరకండి. లోపల నీరు ముందుకు వెనక్కి కొట్టుకుని బండిని గుంజుతుంది. పూర్తిగా నింపగలిగినంత చిన్న ట్యాంకు తీసుకోవడం మేలు.

తొలిసారి ట్రైలరుతో వెళ్లినప్పుడు 50 కిలోమీటర్ల వేగం దాటకుండా, చివరి గేరుకు వెళ్లకుండా నడిపి, పది కిలోమీటర్ల తరువాత ఒక చోట ఆగండి. ట్రైలరు రెండు చక్రాల హబ్బుల దగ్గర చేయి పెట్టి చూస్తే రెండూ ఒకేలా గోరువెచ్చగా ఉండాలి. ఒకటి చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే దాని బేరింగు మార్చేవరకు ప్రయాణం కొనసాగించవద్దు. హుక్కు బోల్టులను అక్కడే మరోసారి స్పానరుతో బిగించి, గొలుసులు నేలకు రాసుకోవడం లేదని చూసుకున్న తరువాతే మిగతా దూరం వెళ్లాలి.